అక్కరలేని వివరములు

"మీరు చేయు పని యేమి?" అని అడిగినవారికి నేను చెప్పు సమాధానము సాధారణముగా తృప్తి కలిగింపదు. జంషెడ్‌పూరులో కాపురముండువాడు ఏదో ఒక వస్తువును తయారుచేయువాడై యుండవలెనని లోకుల నమ్మకము. ఉక్కు కరగించువాడో, లారీలు బిగించువాడో, కనీసము బోల్టులకు మరలు కోయువాడో కావలెను. నేను ఆ మూడింటిలో దేనికిని చెందను. ఇతరులు కంప్యూటరులో నిర్మించిన యంత్రభాగముల నమూనాలను తెరమీద పెట్టుకొని, వానిలోని అక్కరలేని వివరములను ఒక్కొక్కటిగా తీసివేయుట నా వృత్తి. ఈ మాట విని మా బంధువులలో పెద్దవారొకరు, "చెరపడానికి కూడా జీతమిస్తారా నాయనా?" అని ఆశ్చర్యపోయినారు. ఇచ్చుచున్నారు. ఒక్కొక్కప్పుడు నిర్మించినవానికంటె చెరపువానికే ఎక్కువ దినములు పట్టుట కూడ కలదు.

యంత్రభాగమును కంప్యూటరులో చిత్రించుట క్రొత్త విద్య కాదు. 1963లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమున ఐవాన్ సదర్లాండ్ అను పరిశోధకుడు స్కెచ్‌ప్యాడ్ అను పేర ఒక సాధనమును రచించి, కాంతికలముతో తెరమీద గీతలు గీసి చూపినాడు. 1988లో ప్రో-ఇంజనీర్ అను సాధనము విపణికి వచ్చిన పిదప ఈ విద్యకు మరియొక స్వభావము అబ్బినది. అంతకు ముందు చాలవరకు బొమ్మ బొమ్మగానే ఉండెడిది. అటుపిమ్మట బొమ్మకొక చరిత్ర ఏర్పడినది. మొదట ఒక దిమ్మె, దానిపై ఒక గుబ్బ, గుబ్బలో ఒక రంధ్రము, రంధ్రపు అంచున ఏటవాలు కోత, మూలలందు నునుపైన గుండ్రదనము: ఇట్లు నిర్మాత చేసిన ప్రతి పనియు తెర ప్రక్కన వంశవృక్షమువలె వరుసగా నిలిచియుండును. అందులోని ప్రతి అంశమును మావారు ఫీచర్ అందురు. ఏటవాలు కోతకు చాంఫర్ అనియు, మూలలోని గుండ్రదనమునకు ఫిల్లెట్ అనియు పేర్లు. ఈ వ్యాసమున నాకు ఇంతకంటె ఎక్కువ పరిభాషతో పనిలేదు.

పాఠకునకు తేటపడుటకై ఒక వస్తువును తీసికొందును. లారీ కమానుకట్టను ఛాసీకి పట్టియుంచు పోతబ్రాకెట్ ఒకటి ఉండును. ఈ నగరమున 1945లో రైలు ఇంజన్ల కొరకు ఒక కార్ఖానా వెలసి, 1954 నుండి లారీల నిర్మాణమునకు పూనుకొన్నది మొదలు, ఇట్టి బ్రాకెట్లు పోయుట, కోయుట, తొలుచుట మా ప్రాంతపు చిన్న కార్ఖానాలకు నిత్యకృత్యమైనది. చూచుటకు అది పిడికిలి వంటి మొరటు వస్తువు. తెరమీద దానిని పెద్దది చేసి చూచినచో మాత్రము అందులో నూటికి పైగా వివరములు కనబడును. ఉబ్బెత్తు అక్షరములలో భాగపు సంఖ్య, పోత పోసినవాని గుర్తు, ప్రతి గోడకు స్వల్పమైన వాలు, పెద్దవి చిన్నవి ఫిల్లెట్లు, బ్రేకు గొట్టపు పట్టీ బిగించుటకు ఒక బెజ్జము, పిన్ను సులభముగా దూరుటకు బోరు అంచున చాంఫరు, ఆ పిన్నుకు గ్రీజు అందించు సన్నని రంధ్రము.

ఇవన్నియు ఉండవలసినవే. అయినను ఆ బ్రాకెట్ బరువునకు తాళునా తాళదా అని లెక్క కట్టబోవునప్పుడు చాలవరకు అడ్డు వచ్చును. ఆ లెక్కకు మేము వాడు పద్ధతికి ఫైనైట్ ఎలిమెంట్ అని 1960లో క్లఫ్ అను అమెరికా ఆచార్యుడు పేరు పెట్టినాడు. వస్తువును చిన్న చిన్న తునకలుగా విభజించి, ఒక్కొక్క తునకపై బలము ఎట్లు పనిచేయునో గణించి, అన్నింటిని కలిపి ఫలితము తీయుట అందులోని పద్ధతి. తునక ఎంత ఉండవలెనన్నది వస్తువులోని అతి చిన్న వివరము నిర్ణయించును. ఎనిమిది మిల్లీమీటర్ల తునకలతో సరిపోవు బ్రాకెట్‌లో ఒక మిల్లీమీటరు అక్షరము ఉన్నచో, అక్కడ తునకలను ఒక మిల్లీమీటరుకు దింపవలెను. అంతటను అట్లే దించినయెడల పొడవునకు ఎనిమిది, వెడల్పునకు ఎనిమిది, లోతునకు ఎనిమిది రెట్లై, తునకల సంఖ్య 512 రెట్లగును. కంప్యూటరు రాత్రింబవళ్ళు శ్రమించి, ఆ బ్రాకెట్ మీది అంకెల అంచులలో ప్రతిబలము ఎంత కలదో అతి సూక్ష్మముగా తెలుపును. అది తెలిసికొని ఎవరికిని ప్రయోజనము లేదు.

కావున అక్షరములు పోవలెను. ఇందులో వివాదము లేదు. చిక్కంతయు తక్కినవానితో వచ్చును.

వెలుపలి అంచులందలి గుండ్రదనము ప్రాయికముగా తీసివేయవచ్చును. బలము ఆ కొసలకు పోదు. లోమూలలోని ఫిల్లెట్ సంగతి వేరు. రెండు గోడలు లోపలికి కలియుచోట బలపు ప్రవాహము వంపు తిరుగును. అక్కడ గుండ్రదనమును తీసివేసి మొనదేలిన మూలను విడిచినచో, లెక్క మనలను పరిహసించును. తునకలను చిన్నవి చేసినకొలది అచ్చటి ప్రతిబలము పెరుగుచు పోవునే కాని ఒక సంఖ్య వద్ద ఆగదు. సిద్ధాంతరీత్యా దానికి అంతము లేదు. ఇక రంధ్రముల మాట. విశాలమైన పలకలో ఒక చిన్న గుండ్రని రంధ్రము చేసి ఒక దిక్కునకు లాగినచో, ఆ రంధ్రపు అంచున ప్రతిబలము మూడింతలగునని జర్మనీ దేశపు కిర్ష్ 1898లోనే నిరూపించినాడు. రంధ్రము చిన్నదైనంత మాత్రమున ఈ మూడింతలు తగ్గవు. చిన్న రంధ్రము చిన్న అపాయమనుకొనువారు ఈ ఒక్క విషయమును గుర్తుంచుకొన్న చాలును.

దీనికి ఊరట కలిగించు సూత్రము కూడ ఒకటి కలదు. 1855లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు సాఁ వెనా తెలిపినట్లు, ఒకచోటి చిన్న అలజడి దాని సమీపమున తీవ్రముగా ఉండి, దూరము పోయినకొలది అణగిపోవును. మనము పరీక్షింపదలచిన స్థలమునకు దూరముగా ఉన్న బెజ్జమును నిర్భయముగా మూసివేయవచ్చును. కాని పరీక్షింపవలసిన స్థలము ఏదో ముందే తెలిసినచో ఈ లెక్కతో పనియేమి? అందువలన మా వృత్తిలో గణితమునకు తోడు కొంత అనుమానము, కొంత అనుభవము అవసరమగుచున్నవి. 1954లో బ్రిటిషువారి కామెట్ జెట్ విమానములు రెండు ఆకాశముననే విచ్ఛిన్నమై సముద్రమున కూలినవి. వెదకి పరీక్షింపగా, లోహము అలసి, శరీరమందలి తెరపుల మూలలకు చేరువ చిన్న రంధ్రముల యొద్ద మొదలైన బీటలు కారణమని తేలినది. అక్కడి ప్రతిబలము నిర్మాతలు అనుకొన్నదానికంటె ఎంతో హెచ్చుగా ఉండెను.

మరియొక విశేషము. అదే బ్రాకెట్‌ను గూర్చి వేరొక ప్రశ్న వేసినచో అక్కరలేని వివరముల జాబితా తారుమారగును. లారీలో ఆ బ్రాకెట్ చుట్టుప్రక్కల ఏమి పట్టునో చూచువానికి వెలుపలి ఆకారము చాలును, లోపలి బోరుతో పనిలేదు. దాని కంపనమును లెక్కించువానికి బరువు ప్రధానము గనుక గ్రీజు రంధ్రము ఉన్న నేమి, లేకున్న నేమి. కరగిన లోహము అచ్చులో ఎట్లు పారునో చూచువానికి వాలులు, ఫిల్లెట్లు ప్రాణము. పోత చల్లారిన పిదప తొలుచు రంధ్రములు మాత్రము వానికి లేనట్లే లెక్క. ఇన్ని విధములుగా మారు దానిని వస్తువునందలి గుణమని ఎట్లనగలము? "ఇది అక్కరలేదు" అనువానిని "ఎవరికి?" అని అడుగుట నాకు అలవాటైనది. క్రొత్తగా చేరిన కుర్రవాండ్రకు ఇది చాదస్తముగా తోచును.

నాకు ఈ అలవాటు నేర్పినది పుస్తకములు కావు. మా మేనమామ శ్రీకాకుళం జిల్లా నుండి చిన్నతనముననే ఈ నగరమునకు వచ్చి, ఖర్‌కాయి నదికి ఆవలి ఒడ్డున ఆదిత్యపూరులో ఒక ఫౌండ్రీయందు పోతలకు చెక్కనమూనాలు చేయుచు ముసలివాడైనాడు. చెక్కనమూనాను ఇసుకలో పాతి, ఇసుకను దట్టించి, నమూనాను మెల్లగా పైకి తీసినచో మిగిలిన గుంతలో లోహము పోయుదురు. నమూనా నిలువుగోడలతో ఉన్నయెడల పైకి తీయునప్పుడు ఇసుక రాలును; అందుకే గోడలకు వాలు. మూలలు మొనదేలి ఉన్నచో అచ్చట ఇసుక విరుగును, చల్లారు లోహము చీలును, అందుకే ఫిల్లెట్లు. ఆయన కొలబద్ద కూడ మామూలు కొలబద్ద కాదు. పోత ఇనుము చల్లారునప్పుడు నూటికి ఒక వంతు కుదించుకొనును గనుక, ఆ బద్దమీది ప్రతి అడుగును అంగుళములో ఎనిమిదవ వంతు పొడవుగా చెక్కబడి యుండెను. ఉక్కుకు వేరొక బద్ద. దానిపై అడుగునకు పావు అంగుళము ఎక్కువ.

ఒక శ్రీరామనవమినాడు బిష్టుపూరులోని మన తెలుగువారి రామమందిరమున పానకము త్రాగి, ఆయన మా యింటికి వచ్చినాడు. నా కంప్యూటరు తెరమీద ఒక బ్రాకెట్ ఉండెను. వాలులన్నియు తీసివేసి గోడలను నిలువుగా సరిచేసియుంటిని. ఆయన కళ్ళజోడు సరిచేసికొని చాలసేపు చూచినాడు.

"వాలేదిరా బాబూ? ఇది ఇసకలోంచి పైకెలా వొస్తాది?"

"ఇది పోతకు కాదు మావయ్యా, లెక్కకు. వాలుంటే లెక్క ఆలస్యమవుతుంది."

"లెక్కయ్యాక మళ్ళీ పెడతారా?"

"దాచిన ప్రతి వేరే ఉంటుంది."

"ఆ సంగతి దీని మీద రాసుందా?"

రాసియుండెను. ఆ నమూనా పేరులోనే అది లెక్కకు మాత్రమే అని చేర్చియుంటిని. ఆయనకు ఇంగ్లీషులోని ఆ మాటను చదివి చెప్పినాను. ఆయన తల ఊపి, "అయితే సరే" అన్నాడు. అటుపిమ్మట తన సంగతి చెప్పినాడు. ఆయన కూడ డ్రాయింగులోని చిన్న రంధ్రములను నమూనాలో విడిచివేయుచుండెనట, అవి తరువాత తొలుచునవి గనుక. కాని తరువాత కోతపడవలసిన తలమునకు ఒక రంగు, పోతగానే మిగులు తలమునకు వేరొక రంగు పూసెడివాడు. ఆ నమూనా పట్టుకొన్న ప్రతివాడును, చదువు లేనివాడైనను, ఇందులో ఏది ఎందుకు ఇట్లున్నదో రంగు చూచి తెలిసికొనెడివాడు. అరువదియేండ్ల వెనుకటి పోతశాలలోనే ఈ మర్యాద ఉండగా, మా ఆఫీసులలో ఎందుకు కొరవడుచున్నదని నేను అప్పుడప్పుడు ఆలోచింతును.

ఆయన అడిగిన ప్రశ్న సామాన్యమైనది కాదు. తీసివేసిన నమూనా తన పనికి మాత్రమే పరిమితమై ఉండదు. ఒక ఫోల్డరు నుండి వేరొక ఫోల్డరుకు, ఒక మెయిలు నుండి వేరొక మెయిలుకు పోవును. వాలులు లేని బ్రాకెట్ పోతశాలకు చేరినచో, ఇసుక రాలిన తరువాత గాని తప్పు తెలియదు. లోమూలల ఫిల్లెట్లు లేనిది చేరినచో, ఇసుకయే తెలుపును లేదా రోడ్డుమీద తెలియును.

అందుచేత తీసివేయుటలో రెండు మార్గములున్నవని పాఠకుడు గ్రహింపవలెను. చరిత్ర కలిగిన నమూనాలో ఒక ఫీచర్‌ను అణచిపెట్టవచ్చును. దీనిని మావారు సప్రెస్ చేయుట అందురు. అది తెరమీద కనబడదు, కాని వృక్షములో తన స్థానముననే నిద్రించుచుండును. ఒక్క మీటతో మరల లేచును. లేదా దానిని పూర్తిగా నిర్మూలింపవచ్చును. నిర్మూలించినచో దానిపై ఆధారపడిన సంతానమంతయు అల్లాడును. ఒక ఫిల్లెట్ అంచును ఆధారముగా చేసికొని వేరొకడు ఎప్పుడో ఒక రంధ్రపు స్థానమును కొలిచియుండును. ఫిల్లెట్ పోగానే రంధ్రము దిక్కులేనిదై ఎఱ్ఱని గుర్తుతో మొరపెట్టుకొనును. కాబట్టి చివర చేసినదానిని మొదట, మొదట చేసినదానిని చివర తీయుట క్షేమము. పెండ్లి పందిరి విప్పువారు అట్లే చేయుదురు.

పరాయివారి నుండి వచ్చిన నమూనాలకు ఈ సౌకర్యము లేదు. 1994లో మొదట ప్రకటింపబడిన స్టెప్ అను అంతర్జాతీయ ప్రమాణములో ఆకారము మాత్రమే సాధారణముగా చేతులు మారును, పుట్టుపూర్వోత్తరములు రావు. అట్టిదానిలో అక్కరలేని తలమును వ్రేలితో చూపి తీసివేయుమందుము. అప్పుడు దాని ఇరుగుపొరుగు తలములు ముందుకు సాగి, ఒకదానినొకటి కలిసికొని, ఆ గాయమును పూడ్చును. రెండు చదునైన గోడల నడుమ ఫిల్లెట్ అయినచో గోడలు నేరుగా సాగి ఒక గీత వద్ద కలియును. సాగినను కలియని తలములు కూడ ఉండును. అప్పుడు కంప్యూటరు చేయలేనని చెప్పును. ఈ నిరాకరణమును చూచి విసుగుకొనువారే ఎక్కువ. నాకు మాత్రము ఆ క్షణమున దానిపై కొంత గౌరవము కలుగును. కలియనివానిని బలవంతముగా కలిపి చూపుటకంటె అది మేలు గదా.

సాహిత్య పరిశోధకులకు ఈ సమస్య క్రొత్తది కాదు. పుణె నగరమందలి భండార్కర్ సంస్థవారు 1919లో పూనుకొని 1966లో ముగించిన మహాభారత సంశోధిత ప్రతియందు ప్రక్షిప్తములని తోచినవానిని మూలము నుండి తప్పించినారు. వ్యాసుడు చెప్పుచుండగా గణపతి వ్రాసెనను కథ కూడ వారి మూలపాఠమున లేదు. మన ఇండ్లలో పిల్లలకు భారతము మొదలుపెట్టినదే ఆ కథతో కావున, ఇది విని నొచ్చుకొన్నవారు పెక్కుమంది. కాని ఆ కథ నశింపలేదు. తప్పించిన ప్రతి శ్లోకమును పుట అడుగునగాని గ్రంథాంతమున అనుబంధములందుగాని, ఏ యే తాళపత్రములందు కలదో చెప్పుచు వారు పదిలపరచినారు. గణపతి అనుబంధమునకు పోయినాడు, అంతే. ఆ సంపుటములను మొదటిసారి తిరుగవేసినప్పుడు, మా వృత్తిలో ఏర్పడవలసిన పద్ధతి ఇదే గదా అని నాకు తోచినది. మా ఊరికి కూడ ఇట్టి అనుబంధము ఒకటి ఉన్నది. 1919లో సాక్చీ జంషెడ్‌పూరైనది, కాళీమాటి స్టేషను టాటానగరమైనది. అయినను సాక్చీ ఒక పేటగాను, కాళీమాటి ఒక రోడ్డుగాను ఇప్పటికిని నిలిచియున్నవి.

దాచుటకై తీసివేయుట వేరొక వర్గము. పెద్ద కార్ఖానాలు తమ యంత్రభాగపు నమూనాను బయటివారికి పంపునప్పుడు లోపలి వివరములన్నింటిని తొలగించి, వెలుపలి తొడుగును మాత్రము మిగిల్చి పంపుదురు. తమ విద్య పరులపాలు కాకుండ కాపాడుకొనుట వారి హక్కు, నేను కాదనను. అయితే ఆ తొడుగును అందుకొనువాడు సాధారణముగా నాలుగు లేతులు, ఒక మిల్లింగ్ యంత్రము గల చిన్న షెడ్డు యజమాని. ఫలానా గోడ ఎందుకంత మందము, ఫలానా అంచు ఎందుకంత నునుపు కావలెనో వానికి తెలియదు. ఊహించి కోయును, ఊహ తప్పినచో పోయిన సరకు ఖర్చు వానిదే. ఆదిత్యపూరునకు కొంత దూరముననే సరాయికెల్లా కలదు. అక్కడి ఛౌ నాట్యపు ముసుగులు ముఖరేఖలను మిక్కిలి తగ్గించి, నున్నగా, నిర్లిప్తముగా ఉండును; పురూలియావారి ముసుగులవలె అలంకారములతో నిండియుండవు. ముఖమున తీసివేసినదానిని నర్తకుడు మెడతోను నడుముతోను తిరిగి ఇచ్చును. చిన్న షెడ్డువానికి పంపిన తొడుగు విషయమున ఆ తిరిగి ఇచ్చువాడెవడును లేడు. ఒక అర పుట వివరణ వ్రాసి జతపరచినను చాలును. అడిగినచో సమయము లేదందురు.

ఈ నడుమ తీసివేయుపనిని కంప్యూటరుకే వదలు సాధనములు వచ్చినవి. మూడు మిల్లీమీటర్లకు లోపలి ఫిల్లెట్లన్నియు, ఆరు మిల్లీమీటర్లకు లోపలి రంధ్రములన్నియు అని ఆజ్ఞాపించినచో రెండు నిమిషములలో ఊడ్చివేయును. వెనుక రెండు దినములు పట్టెడి పని గనుక నేను కూడ వానిని సంతోషముగా వాడుకొందును. కాని పరిమాణము చూచి ప్రాముఖ్యము నిర్ణయించు ఆ కత్తెరకు, వ్యాసములో చిన్న మాటలన్నియు కొట్టివేయు సంపాదకునకు భేదము నాకు కనబడదు. 'కాదు' అన్నది చిన్న మాటయే.

మొదట చెప్పిన కమానుకట్ట బ్రాకెట్ వంటిది ఒకటి ఒకసారి నా యొద్దకు వచ్చినది. కత్తెర జాబితాలో ఏబది మూడు వివరములు చేరినవి. అందులో యాబది రెండింటికి సరే అన్నాను. పిన్ను బోరులోనికి పోవు గ్రీజు రంధ్రమును మాత్రము ఉంచుమన్నాను. అది బోరు క్రింది భాగమున, బరువు మీదపడినప్పుడు లోహము సాగు ప్రక్కన ఉన్నది. దాని చుట్టు సన్నని తునకలు కావలసివచ్చుటచేత లెక్క ఆ రాత్రి అంతయు నడచినది. ఉదయము చూడగా, బ్రాకెట్ అంతటిలోను అత్యధిక ప్రతిబలము ఆ రంధ్రపు అంచుననే ఉండెను. బ్రాకెట్‌ను లావు చేయవలసిన పనిలేకపోయినది. రంధ్రమును బోరు చుట్టు కొంత కోణము త్రిప్పి, లోహము సాగని ప్రక్కకు జరుపవలెనని నిర్ణయమైనది. పోతవానికి మార్పు లేదు. తొలుచువానికి డ్రిల్లు పెట్టుచోటు మాత్రమే మారినది. మిగిలినది ఒకటే సందేహము: బండి క్రింద వెల్లకిల పడుకొని గ్రీజుగన్ పట్టుకొను క్లీనరు కుర్రవానికి ఆ క్రొత్తచోటు అందునా అని. వర్క్‌షాపులో నిలిచియున్న ఒక లారీ క్రిందికి దూరి ఒక కుర్రవానిచేత చేయి చాపించి చూచితిమి. ఇరుసు అడ్డము వచ్చి మొదట అందలేదు. మోచేయి త్రిప్పగా అందినది. ఆ మధ్యాహ్నము డ్రాయింగుమీద కొలత దిద్దబడినది.